పెద్దన్న పేరు మీద రిపాజిటరీ

నేను చేసిన ఉద్యోగం ఏమిటో మా అమ్మకు చివరిదాకా అర్థం కాలేదు. "కంప్యూటర్ల ఏం జేస్తవే నువ్వు?" అని అడిగేది. నేను ఒక్కోసారి ఒక్కో జవాబు చెప్పేదాన్ని. ఏ జవాబూ ఆమెకు నచ్చలేదు. నిజం చెప్పాలంటే నాకూ నచ్చలేదు. ఇప్పుడు రిటైరయ్యాక మహారాష్ట్రలోని భివండిలోనే, నేను పుట్టి పెరిగిన కామత్‌ఘర్‌లోనే ఉంటున్నాను. మా గల్లీలోంచి ఠాణా వైపు కంప్యూటర్ ఉద్యోగాలకు పోతున్న పిల్లలు అప్పుడప్పుడు వచ్చి, "ఆంటీ, రిపాజిటరీ ప్లానింగ్ అని ఒక ప్రాజెక్టు ఇచ్చిన్రు, ముందుగాల ఏం చదవాలె?" అని అడుగుతుంటారు. నేను ఓపికగా చెబుతాను. వాళ్లు వచ్చినప్పటికంటే ఎక్కువ అయోమయంతో వెళ్తారు. అందుకే ఇది రాయడానికి కూర్చున్నాను. రాస్తే వాళ్లకు కాకపోయినా నాకైనా కొంత తేలుతుందేమో చూడాలి.

ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టారు అన్నవి ఇందులో లేవు. అవి ఎవరికీ పనికిరావు. ఒక్క ఇంటి కథ మాత్రం వివరంగా చెబుతాను. నా ఉద్యోగం అంతా ఆ ఒక్క ఇంట్లో ఉంది.

నక్షా ఉండే చోటు

మాది ఠాణాలో ఒక చిన్న కంపెనీ. ఫ్యాక్టరీలకూ టోకు వ్యాపారులకూ డేటా వేర్‌హౌస్‌లు కట్టి ఇచ్చేవాళ్లం. ఒక వ్యాపారం తాలూకు వివరాలు నాలుగు చోట్ల నాలుగు రకాలుగా పడి ఉంటాయి. వాటిని తెచ్చి, శుభ్రం చేసి, ఒక చోట పేర్చి పెడితే, "పోయిన ఏడు ఈ సీజన్లో మన పని ఎలా ఉండింది" అని యజమాని ఎప్పుడడిగినా జవాబు దొరుకుతుంది. అదీ డేటా వేర్‌హౌస్. దాన్ని కట్టడానికి ఒక టూల్ వాడతాం. ఏ వివరం ఎక్కడి నుంచి తేవాలి, దాన్ని ఎలా మార్చాలి, దేన్ని ఏ పేరుతో పిలవాలి అన్నదంతా ఆ టూల్ గుర్తుపెట్టుకోవాలి. అది గుర్తుపెట్టుకునే చోటే రిపాజిటరీ. మన కామత్‌ఘర్ భాషలో చెప్పాలంటే మగ్గం మీద బట్ట వేరు, ఏ దారం ఏ కన్నులోంచి పోవాలో చెప్పే నక్షా వేరు. రిపాజిటరీలో ఉండేది నక్షా.

ఇంత చిన్న సంగతికి ప్లానింగ్ దేనికి అనిపిస్తుంది. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. అందరికీ కలిపి ఒకటే రిపాజిటరీ పెట్టాలా, ఎవరిది వాళ్లకు పెట్టాలా? కొన్ని ఉమ్మడిగా, కొన్ని విడిగా పెడితే ఉమ్మడివి ఎవరి చేతిలో ఉండాలి? ఒకరు మార్చినది మిగతావాళ్లకు ఎప్పుడు కనబడాలి? వీటికి పుస్తకాల్లో జవాబులున్నాయి. అన్నీ సరైనవే. ఒకటి చదివినప్పుడు అదే నిజమనిపిస్తుంది, రెండోది చదివినప్పుడు ఇదీ నిజమే కదా అనిపిస్తుంది. ఉద్యోగం మొదలుపెట్టిన కొత్తలో నాకు రోజూ తలనొప్పి వచ్చేది. కాశేలి వంతెన మీద ట్రాఫిక్ ఆగిపోయినప్పుడు షేర్ రిక్షాలో కూర్చుని ఇవే ప్రశ్నలు తిప్పి తిప్పి వేసుకునేదాన్ని.

మా బాస్ జోషి గారు మంచివాడు. కోపం తక్కువ, చాయ్ ఎక్కువ. బోర్డు మీద డబ్బాలు గీయడం ఆయనకు పిచ్చి. నీలం డబ్బా, పచ్చ డబ్బా, మధ్యలో బాణాలు. గీసి, నాలుగడుగులు వెనక్కి వేసి, చూసుకుని మురిసిపోయేవాడు. ఆ బొమ్మల్లో మనిషి మాత్రం ఎక్కడా ఉండేవాడు కాదు. ఒక సబ్బుల ఫ్యాక్టరీకి ఆయన కొత్త మార్పులు ప్రయత్నించి చూసుకునే రిపాజిటరీని, రోజూ నడిచే రిపాజిటరీని కలిపి ఒకటే పెట్టించాడు. మావాళ్లలో ఒకరు ఏదో పరీక్ష చేస్తూ పేర్లు మార్చారు, పొద్దున్నే మేనేజర్ తెర మీద అంతా ఖాళీగా కనబడింది. జోషి గారు తప్పు టూల్ మీద తోసేశాడు. ప్రయత్నాల చోటు వేరు, నడిచే చోటు వేరు ఉండాలన్నది నేను ఆ రోజు నేర్చుకున్నాను. నా ఉద్యోగం మొత్తంలో అనుమానం లేకుండా చెప్పగలిగిన మాట అదొక్కటే. మిగతా వాటి సంగతి కింద రాస్తున్నాను.

ముగ్గురన్నదమ్ములు

కరీంనగర్ వైపు నుంచి ఈ ముగ్గురన్నదమ్ముల నాయన భివండికి వచ్చి మగ్గాలు పెట్టాడు. మా నాయన ఆ మగ్గాల మీదే నేశాడు. తర్వాత ఆ ఇల్లు పెద్దదైంది, మా ఇల్లు ఉన్నంతలో ఉండిపోయింది. ఆ ఇంటి పెద్దకొడుకు రాజేశం. పడుగుకు గంజి పెట్టి బీములనే పెద్ద రోలర్లకు చుట్టే సైజింగ్ పని, కాశేలిలో బట్టల గోదాం ఆయన చూసుకునేవాడు. రెండోవాడు మల్లేశం. నిజాంపురాలో ఉన్న మగ్గాల షెడ్డు, అంటే గాలా, అతనిది. మూడోవాడు శంకర్ కామత్‌ఘర్ గాలా నడిపేవాడు. అతను జబ్బు చేసి పోయాడు. పోయిన తర్వాత అతని భార్య పద్మ ఆ గాలాను మూయనివ్వలేదు. తానే కూర్చుని నడిపించసాగింది.

మా కంపెనీకి ఈ పని వచ్చినప్పుడు జోషి గారు "మీ తెలుగువాళ్లే కదా" అని నన్ను పంపాడు. సైజింగ్ ఆఫీసులో రాజేశం అన్న నన్ను గుర్తుపట్టాడు. నేత లక్ష్మయ్య బిడ్డవు కదా అని చాయ్ తెప్పించాడు. అసలు సంగతి దాచకుండా ముందే చెప్పాడు.

"చెల్లె, ఇంట్ల జర పరేషాన్ ఉన్నది. మల్లేశం ఏమంటుండంటే, కామత్‌ఘర్ గాలా సొంతంగ నడుస్తలేదు, నా బీముల మీద బతుకుతుంది, దాన్ని నాదాంట్లనే కలిపెయ్యిన్రి అంటుండు. పద్మ ఏమో, లేదు, నాది నేను నడుపుకుంట అంటుంది. పెద్దమనుషులల్ల వెట్టినం. వాళ్లు గూడ ఏం తేల్చలే. గీ కంప్యూటర్ల రెండు గాలాలు దేనికదే కనబడితే సూసి చెప్తం అన్నరు. సొంతంగ నిలబడుతుందంటే పద్మకే ఉంటది. లేకుంటే మల్లేశం దాంట్ల కలుస్తది."

నేను గీయబోయే నక్షాను బట్టి ఒక ఆడమనిషి తన మొగుడి మగ్గాలు ఉంచుకుంటుందో పోగొట్టుకుంటుందో తేలుతుందని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. జోషి గారికి ఫోన్ చేసి చెప్పాను. "అది వాళ్లింటి విషయం, మనం డిజైన్ మాత్రం చూద్దాం" అన్నాడు. డిజైన్ కూడా ఇంటి విషయమే అని నాకు అనిపించింది.

బట్ట ఎవరిది

మొదటి వారమే బోల్తా పడ్డాను. బట్ట తానును ఇక్కడ తాకా అంటారు. ఒక తాకా తయారైందని ఎప్పుడు అనాలి అని అడిగాను. మగ్గం మీంచి కోసినప్పుడు అన్నాడు మల్లేశం. తప్పులు సరిచేసి, మడత పెట్టాక అన్నది పద్మ. కాశేలి గోదాంలో దిగినప్పుడు అన్నాడు రాజేశం అన్న. ముగ్గురూ ఎవరి లెక్కలో వాళ్లు నిజాయితీగా ఉన్నారు. మూడూ కలిపితే మాత్రం ఒక్క రోజు కూడా పొంతన కుదరదు.

దానికన్నా కష్టమైనది ఇంకోటి. గాలాల మధ్య బీములు అటూ ఇటూ తిరిగేవి. పద్మ మగ్గాలు ఖాళీగా ఉంటే నిజాంపురా నుంచి బీములు టెంపోలో వచ్చేవి. అక్కడ తక్కువ పడితే ఇక్కడి నుంచి పోయేవి. ఎక్కడా రాసుకోరు. ఎందుకు రాయలేదని అడిగితే మల్లేశం నన్ను వింతగా చూశాడు.

"ఇంట్లది ఇంట్లకు ఇచ్చినదానికి రాసుడేంది అక్కా? ఎవలన్న నవ్వుతరు."

ఇచ్చినప్పుడు ఇంట్లోదే, విడదీసేటప్పుడు మాత్రం నాది. బజారు పద్ధతి ప్రకారం బీము ఎవరిదైతే బట్ట వాళ్లది, నేసినవాళ్లకు మజూరీ, అంటే నేసిన కూలి, అంతే. అలా చూస్తే మల్లేశం మాట సబబే. కానీ గాలా సొంతంగా నిలబడుతోందా అన్నది ప్రశ్న అయితే, ఏ మగ్గం మీద నేశారన్నదే చూడాలి. అలా చూస్తే పద్మ మాట సబబు. నేను అటు తిరిగితే అటే, ఇటు తిరిగితే ఇటే అన్నట్టు ఉన్నాను. చివరికి బట్టను మగ్గం కిందనే చూపించి, బీము ఎవరిదో పక్కన రాసేలా పెట్టాను. రాజేశం అన్న విని తలూపాడు. ఆయన దేనికైనా తలూపేవాడు, అర్థమైందో లేదో తెలిసేది కాదు.

ఇక రిపాజిటరీ. ముగ్గురికీ కలిపి ఒకటే పెడితే విడిగా కనబడాలన్న మాటే ఉండదు. మూడు పెడితే ఒకే మాటకు మూడు అర్థాలు పుట్టుకొస్తాయి. అందుకని మధ్యదారి పట్టాము. తాకా అంటే ఏమిటి, ఏ మగ్గం ఏ గాలాది వంటి, అందరికీ పనికొచ్చే నియమాలు ఉమ్మడి ఫోల్డర్‌లో. ఎవరి గాలా సొంత సంగతులు వాళ్ల ఫోల్డర్‌లో. ఉమ్మడివి వాళ్ల దగ్గర కూడా కనబడతాయి, కానీ అవి షార్ట్‌కట్లు మాత్రమే. అసలుది ఉమ్మడిలోనే ఉంటుంది, అక్కడ మారితే అందరి దగ్గరా మారిపోతుంది. ఎవరికి వాళ్లకు కాపీలు ఇద్దామా అని నేను ఒకసారి అన్నాను. "కాపీలంటే మూడు నిజాలు, మనకు ఒకటే నిజం కావాలి" అని జోషి గారు బోర్డు మీద పెద్ద నీలం డబ్బా గీశాడు. బొమ్మ నిజంగానే అందంగా ఉంది. నేనూ మెచ్చుకున్నాను.

అందరిదీ ఒకే పేరు

టూల్‌లోకి వెళ్లడానికి ఒక్కొక్కరికీ ఒక్కో పేరు, పాస్‌వర్డ్ ఇచ్చాము. మల్లేశానికి, పద్మకు, ఆఫీసు గుమాస్తాకు, రాజేశం అన్నకు కూడా. రాజేశం అన్న మౌస్ ఏనాడూ ముట్టుకోలేదు, కానీ ఇంటి పెద్దకు ఇవ్వకుండా ఎలా అని ఆయనకూ ఇచ్చాము. ఉమ్మడి ఫోల్డర్‌కు యజమాని ఎవరో టూల్‌కు చెప్పాలి కాబట్టి ఆయన పేరే పెట్టాము.

కొన్ని వారాల తర్వాత చూస్తే ఎవరి పేరుతోనూ ఎవరూ లోపలికి రాలేదు. ప్రతి మార్పు పక్కనా ఒకటే పేరు, రాజేశం. పద్మ రాసినది, మల్లేశం సరిచేసినది, గుమాస్తా ఎక్కించినది, అన్నీ రాజేశం చేసినట్టే ఉన్నాయి. పరీక్ష చేయడానికి వచ్చిన మా కంపెనీ మనిషి కూడా సులువని అదే పేరు వాడేశాడు. పాస్‌వర్డ్ వాళ్ల వ్యాపారం పేరు. అది ఆ వీధిలో అందరికీ తెలుసు.

నాకు ఒళ్లు మండింది. పద్మను పట్టుకుని అడిగాను. మేము సైజింగ్ ఆఫీసులో ముందు గదిలో ఉన్నాము. అంతలో రాజేశం అన్న లోపలికి వచ్చాడు. పద్మ కుర్చీలోంచి లేచి, కొంగు సర్దుకుని, నిలబడే టైప్ చేయసాగింది. బావగారి ముందు ఆమె కూర్చోదు. ఆయన లోపలి గదిలోకి పోయేదాకా అలాగే నిలబడి పని చేసింది. తర్వాత మెల్లగా చెప్పింది.

"మీటర్లు బావ పేరు మీద ఉన్నయి, గాలాలు బావ పేరు మీద ఉన్నయి, పెండ్లి పత్రికల మీద గూడ ఆయన పేరే పైన ఉంటది. ఆయన ఉండంగ నేను నా పేరుతోని తెరిస్తె, వేరుపడ్డట్టే గద అక్కా?"

"మరి నీకు కావాల్సింది గదే గద పద్మా? నీ గాలా నీకు వేరే కావాలనే గద?"

"కావాలె. కని బావ ఇస్తె కావాలె. నేను గుంజుకున్నట్టు ఉండొద్దు."

దీనికి ఏ పుస్తకంలోనూ జవాబు లేదు. విడిపోవాలనుకున్న మనిషే విడిపోయినట్టు కనబడకూడదని పెద్దాయన పేరుతో పని చేస్తోంది. మల్లేశాన్ని అడిగితే "అన్న పేరు ఉన్నంక నా పేరు ఎందుకు" అన్నాడు. ఇద్దరిదీ గౌరవమే. లేదా ఇద్దరిదీ భయమేమో, నాకు ఇప్పటికీ తెలియదు. పేర్లు మార్చుకోమని ఇంకోసారి గట్టిగా చెప్పాను. జోషి గారికి కూడా చెప్పాను. "పని నడుస్తోంది కదా, ఎందుకు కదిలిస్తావు" అన్నాడు. నడుస్తోంది, నిజమే.

మగ్గాలు మాయమైన పొద్దున

పెద్దమనుషులు ఆదివారం కూర్చుంటామన్నారు. ఆ వారం మధ్యలో పొద్దున్నే పద్మ ఫోన్ చేసింది.

"అక్కా, నా గాలా తక్కువ కనబడుతుంది. మస్తు మగ్గాలు నిజాంపురా కింద వోయినయి. నేనేం జెయ్యలే అక్కా."

వెళ్లి చూశాను. ఉమ్మడి ఫోల్డర్‌లో ఏ మగ్గం ఏ గాలాది అన్న నియమం మారిపోయింది. నిజాంపురా బీము ఎక్కిన మగ్గమంతా నిజాంపురా కింద లెక్కపడేలా ఎవరో మార్చారు. పద్మ ఫోల్డర్‌లో ఉన్నది షార్ట్‌కట్ కదా, అక్కడ కూడా మారిపోయింది. కామత్‌ఘర్ గాలా నిలబడలేక కుంటుతున్నట్టు కనబడుతోంది. ఎవరు మార్చారు అని చూస్తే పేరు రాజేశం. ఏ కంప్యూటర్ మీంచి అని చూస్తే అందరూ వాడే ముందు గదిలోది.

పద్మ నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. పేరు చెప్పాను. ఆమె గోడకు ఆనుకుంది.

"బావ జేసిండా?"

"పేరు ఆయనది. చేసింది ఎవలో నాకెరుక లేదు."

మల్లేశం మీద అనుమానం రావడం సహజం, ఎందుకంటే ఆ మార్పు అతను మొదటినుంచీ అంటున్న మాటే. అడిగితే ముఖం ఎర్రబడింది. "నేను అడగాల్సింది ముఖం మీద అడుగుత అక్కా, దొంగలెక్క కంప్యూటర్ల దూరి చెయ్య" అన్నాడు. అది నిజంలాగే వినబడింది. గుమాస్తా తనకేమీ తెలియదన్నాడు. మా కంపెనీ మనిషి తాను ఆ నియమం తెరిచి చూశానని, మార్చానో లేదో గుర్తు లేదని అన్నాడు, నాకు చెంప పగలగొట్టాలనిపించింది. అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది పద్మ. సాయంత్రం వెళ్లబోతుంటే వెనకే వచ్చింది.

"అక్కా, ముందటి దినం నేను గూడ గా నియమం తెరిసి ఏదో ఒత్తిన. నేనే చేసిన్నా ఏంది? నాకే అనుమానమొస్తుంది."

పాత రూపం టూల్‌లో భద్రంగా ఉంది. దాన్ని వెనక్కి తెప్పించడం ఎంతోసేపటి పని కాదు. కానీ ఎవరి మాట మీద తెప్పించాలి? అది పొరపాటో, సవరణో ఎవరు చెప్పాలి? బజారు పద్ధతి ప్రకారం మారిన నియమం కూడా తప్పు కాదు కదా. నేను దాన్ని వెనక్కి తిప్పితే పద్మ పక్షం వహించినట్టు, తిప్పకపోతే మల్లేశం పక్షం వహించినట్టు. జోషి గారు ఫోన్‌లో తేలిగ్గా చెప్పేశాడు, "యజమాని ఎవరని రాసి ఉంది? రాజేశం. ఆయన్నే అడుగు." రాజేశం అన్నను అడిగాను. ఆయన చాలాసేపు కిటికీలోంచి సైజింగ్ మిషన్ వైపు చూశాడు.

"నాకేం సమజ్ అయితలేదు చెల్లె. ఆదివారం రా. అందరి ముంగట చెప్దాం."

ఆదివారం

సైజింగ్ ఆఫీసు మేడ మీద చాపలు పరిచారు. ఇద్దరు పెద్దమనుషులు, అన్నదమ్ములిద్దరు, ఒక మూల ల్యాప్‌టాప్‌తో నేను. పద్మ గుమ్మం దగ్గర నిలబడింది. నేను రెండు గాలాలూ చూపించాను. మారకముందు ఎలా ఉండిందో, మారాక ఎలా ఉందో రెండూ చూపించాను. ముసలాయన ఒకరు నన్ను సూటిగా అడిగాడు.

"గిది మార్చినోళ్లు ఎవలు బిడ్డా?"

తెలియదు అనాలి. కానీ తెర మీద పేరు ఉంది, అందరూ చూస్తున్నారు.

"పేరు రాజేశం అన్నది ఉంది. చేసింది ఎవలో చెప్పలేం. అందరు గదే పేరుతోని పని చేస్తున్నరు."

మల్లేశం చాప అంచు వైపు చూస్తున్నాడు. రాజేశం అన్న ముందుకు వంగి, నాకు అర్థం కావడానికే అన్నట్టు నెమ్మదిగా అడిగాడు.

"నా పేరే ఉందా?"

"ఉంది అన్నా."

"అయితే నేనే జేసిన."

"నువ్వు ఆ డబ్బాను ఏనాడన్న ముట్టినవా?" అన్నాడు ముసలాయన.

"ముట్టలే. కని మీటరు నా పేరు మీద ఉంటే కరెంటు ఎవ్వలు వాడినా అడిగేది నన్నే గద. గిది గూడ గంతే. పేరు నాది, చేసింది నేను. ఇగ ఎవలను అడగకున్రి."

తర్వాత నా వైపు తిరిగాడు. "చెల్లె, ముందుగాల ఎట్లుండెనో గట్ల వెట్టు. బీమోనికి మాల్ వోతే వోనియ్యి. మగ్గం నడిపినోళ్ల పేరు నడిపినోళ్లకే ఉండాలె. కామత్‌ఘర్‌ది పద్మదే. ఆమె పేరు మీదనే వెట్టు, అండ్ల నా పేరు ఉండొద్దు."

పద్మకు ఆయన ఆ మాట నేరుగా చెప్పలేదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సంతోషంతోనా అని అడిగితే అవునని రాయలేను. నాకూ ఏడుపు వచ్చింది, ఎందుకో తెలియకుండానే. మల్లేశం లేచి అందరికీ చాయ్ చెప్పడానికి కిందికి వెళ్లాడు.

పిల్లలకు

అక్కడికక్కడే పాత నియమం వెనక్కి తెచ్చాను. తర్వాత కామత్‌ఘర్ గాలాకు షార్ట్‌కట్లు తీసేసి సొంత కాపీలు పెట్టాను. ఉమ్మడిలో ఎవరేం మార్చినా అక్కడ మారదు. జోషి గారి అందమైన బొమ్మ పాడైంది. ఆయన కొంచెం అలిగాడు, తర్వాత ఇంకో రంగు డబ్బా గీసుకున్నాడు.

ఇప్పుడు మీరు అడుగుతారు, మరి దీన్నుంచి ఏం నేర్చుకోవాలి అని. చాలాకాలం నేను ఇలా చెప్పేదాన్ని: డబ్బాలు గీసే ముందు పేర్లు చూడండి. ఆ ఇంట్లో, ఆ ఆఫీసులో పని ఎవరి పేరు మీద జరుగుతుందో తెలుసుకోండి. ఎవరి పేరుతో వాళ్లు లోపలికి రాకపోతే అక్కడే ఆపేసి గొడవ పెట్టుకోండి, బాస్ ఏమన్నా సరే. షార్ట్‌కట్ ఇస్తున్నారంటే ఒకరి పని ఇంకొకరి చేతిలో పెడుతున్నారని గుర్తుంచుకోండి. ఇవన్నీ సరైన మాటలే. పరీక్షలో రాస్తే మార్కులు వస్తాయి.

కానీ ఇంటికి వచ్చి ఆలోచిస్తే తల తిరుగుతుంది. నేను చెప్పినట్టే అందరూ ఎవరి పేరుతో వాళ్లు పని చేసి ఉంటే, ఆ ఆదివారం తెర మీద ఒక పేరు వచ్చేది. మల్లేశం అని వచ్చి ఉంటే ఆ ఇల్లు అక్కడే ముక్కలయ్యేది. పద్మ అని వచ్చి ఉంటే గాలా తనదని అడగడానికి ఆమెకు నోరుండేది కాదు. ఎవరో తెలియకపోవడం వల్లే పెద్దాయన దాన్ని తన మీద వేసుకోగలిగాడు. నేను తప్పుడు ప్లానింగ్ అని తిట్టుకున్నదే వాళ్లను కాపాడిందా? అలాగని ఒకే పేరుతో పని చేయమని మీకు చెప్పగలనా? చెప్పలేను. ఎవరు మార్చారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయనకు తెలుసేమో అని కూడా ఒక్కోసారి అనుమానం. తమ్ముణ్ణి కాపాడాడా, మరదల్ని కాపాడాడా, పేరు మోయడం విసుగొచ్చి దించుకోవడానికి ఒక సాకు దొరికిందనుకున్నాడా? అడగాలని రెండు మూడుసార్లు వెళ్లాను. చాయ్ తాగి వచ్చేశాను.

పద్మకు ఆమె పేరు పెట్టడానికి ఆ మరుసటి వారం కామత్‌ఘర్ గాలాకు వెళ్లాను. కింద మగ్గాల మోతకు మాట వినబడక మెట్ల మీది చిన్న గదిలో తలుపు వేసుకున్నాము. కొత్త పేరు నేను రాయబోతే వద్దని తనే టైప్ చేసింది. ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టింది. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకు అన్నాను. సరే అంది. ఇక ఒక్క బటన్ నొక్కితే అయిపోతుంది. చెయ్యి అక్కడే ఆగింది.

"అక్కా, ఇగ ఏదన్న తప్పు వడితె నా పేరే వస్తదా?"

"నీ పేరే వస్తది."

"బావ పేరు రాదు?"

"రాదు పద్మా. ఇంగ ఎవ్వల పేరు రాదు."

ఆమె తెర మీది తన పేరును ఇంకోసారి అక్షరం అక్షరం చదువుకుంది. నేను తొందరపెట్టలేదు.

"రానియ్యి అక్కా" అని నొక్కింది.